రాత్రి విడిది: కాశీయాత్రా మార్గమున మజిలీల చరిత్రము, ధర్మము



కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యను సామెత తెలుగునాట బహుకాలముగ వాడుకలో నున్నది. విమానమెక్కి రెండు గంటలలో వారాణసిలో దిగుచున్న నేటి కాలమున నిది అతిశయోక్తివలె తోచును. కాని యీ సామెతలోని భయము దూరమును గూర్చినది మాత్రమే కాదు. ఓపిక యున్నచో పాదములు ఎంతటి దూరమునైనను జయింపగలవు. ప్రతిదినము సూర్యాస్తమయవేళ యాత్రికుని యెదుట నిలుచు ప్రశ్నలు వేరు. ఈ రాత్రి ఎచ్చట? నీరెచ్చట? వృద్ధురాలైన తల్లిని ఎచ్చట పరుండబెట్టుట? మూటలో మిగిలిన బియ్యమును ఎచ్చట వండుకొనుట? తెల్లవారులోపల ప్రాణమునకు, ధనమునకు కాపలా ఎవరు? దక్షిణదేశమునుండి కాలినడకన కాశికి పోయివచ్చువారు ఈ ప్రశ్నలను వందలకొలది సాయంకాలములు ఎదుర్కొనవలసి యుండెను. అందులో ఒక్క రాత్రి చెడినను యాత్ర చెడినట్లే.

యాత్రలను గూర్చి వ్రాయువారు క్షేత్రమాహాత్మ్యమును, ఆలయనిర్మాణమును, తీర్థవిధులను విపులముగ వ్రాయుదురు. నడుమనున్న రాత్రులను గూర్చి వ్రాసినవారు తక్కువ. ఈ వ్యాసమున ఆ రాత్రులను గూర్చియే విచారింతము. నేడు అనేక తెలుగు కుటుంబములు సొంత కారులలోను, అద్దె బండ్లలోను తిరిగి రహదారి మీదుగనే కాశికి బయలుదేరుచున్నవి. కనుక నీ విచారము కేవలము పురాతనకుతూహలము కాజాలదు.

శ్రుతి విధించిన వసతివ్రతము

తైత్తిరీయోపనిషత్తున శీక్షావల్లిలో అతిథిని దైవముగ భావింపుమను ఉపదేశము పాఠకులందరికిని విదితమే. అదే యుపనిషత్తునందు భృగువల్లి చివర మరియొక వ్రతము విధింపబడినది. దానిని తలచువారు తక్కువ. వసతి కోరి వచ్చినవాడెవడైనను వానిని కాదని పంపరాదనియు, అదియే వ్రతమనియు, అందుకొరకు ముందుగనే సమృద్ధిగ అన్నమును సంపాదించి యుంచుకొనవలెననియు దాని సారము.

ఈ మాట వచ్చిన తావును గమనింపవలెను. భృగువు అన్నమునుండి ప్రారంభించి ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి ఆనందమే బ్రహ్మమని తపస్సుచే తెలిసికొనెను. అంతటి శిఖరమును చూపిన వెనువెంటనే శ్రుతి మరల అన్నమువద్దకే వచ్చుచున్నది. అన్నమును నిందింపకుము, పారవేయకుము, పెంపొందింపుము, వచ్చినవానికి చోటిమ్ము అనుచున్నది. బ్రహ్మవిద్యకును, సత్రపు వంటయింటికిని నడుమ ఋషులు గోడ కట్టలేదు.

ఇందొక సూక్ష్మము కలదు. అతిథి యెప్పుడు వచ్చునో తెలియదు. కనుక గృహస్థుడు వాడు రాకమునుపే సిద్ధముగ నుండవలెను. అనగా వసతిదానమునకు ప్రాణము ముందుచూపు. ఇచ్చువానికి ముందుచూపు ధర్మమైనప్పుడు పుచ్చుకొనువానికి మాత్రము అది ధర్మము కాకపోవునా? దీనికి సమాధానము ఇతిహాసమునందు లభించును.

శ్రీరాముని మజిలీలు

శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండను ఒక కుటుంబపు మార్గప్రయాణముగ చదివినచో ఆశ్చర్యము కలుగును. వాల్మీకి మహర్షి ప్రతి రాత్రి విడిదిని లెక్క తప్పక చెప్పుచున్నాడు. మొదటి రాత్రి తమసానదీ తీరము. పిదప గంగాతీరమున శృంగిబేరపురము చెంత ఇంగుదీవృక్షమూలము. గంగను దాటిన పిమ్మట ఒక మహావృక్షము క్రింద. తరువాత ప్రయాగలో భరద్వాజాశ్రమము. ఆ పిదప యమునాతీరము. అటుపై చిత్రకూటము. ప్రతి విడిదియు నీటి చెంతనో, చెట్టు నీడనో, ఋషుల యాశ్రమముననో యున్నది. ఏ రాత్రియు నడిదారిలో చీకటి పడి దిక్కుతోచక ఆగిన రాత్రి కాదు.

శృంగిబేరపురమున గుహుడు భక్ష్యభోజ్యములను, శయ్యలను తెచ్చి యెదుట నిలిపెను. వనవాసవ్రతమందున్న రాముడు వానిని స్వీకరింపలేదు. తన కొరకు ఏమియు కోరక, రథమును లాగి తెచ్చిన గుఱ్ఱములకు మాత్రము మేతయు నీరును ఇప్పింపుమనెను. ఆ రాత్రి సీతారాములు నిద్రింపగా లక్ష్మణుడు మేల్కొని కాపలా యుండెను. మోసుకొని వచ్చిన ప్రాణికి ముందు విశ్రాంతి, నిద్రించువారికి రక్షణ. మజిలీ ధర్మమునందలి రెండు ప్రధానసూత్రములు ఈ ఒక్క రాత్రియందే గోచరించుచున్నవి.

భరతుడు అన్నగారిని మరలించుటకై బయలుదేరినప్పుడు జరిగినది వేరొక విధము. ఆయనవెంట తల్లులు, గురువులు, పౌరులు, సేన కదలిరి. అంత జనముతో దారి పట్టుటకు ముందే భూమి స్వభావము తెలిసినవారు, త్రవ్వువారు, వడ్రంగులు, చెట్లు నరకువారు ముందుగ సాగిరి. ఎగుడుదిగుడులను సమము చేసిరి. నీరు లేనిచోట బావులు త్రవ్వి గట్లు కట్టిరి. శుభనక్షత్రముహూర్తములను చూచి విడిదులను నిలిపిరి. ముగ్గురు నడచినచో చెట్టు నీడ చాలును. వేయిమంది కదలినచో దారియే ముందుగ సిద్ధము కావలెను. కుటుంబపరిమాణమును బట్టి మజిలీ ఏర్పాటు మారునని ఆదికవి కంటె స్పష్టముగ చెప్పినవారు లేరు.

రాజులు, రహదారులు

చరిత్రకాలమునకు వత్తము. క్రీ.పూ. మూడవ శతాబ్దమునాటి అశోకుని శాసనములు మన కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి కొండరాళ్ళపై నేటికిని నిలిచియున్నవి. అందలి రెండవ శిలాశాసనము దారులవెంట మనుష్యులకును, పశువులకును ఉపయోగపడునట్లు బావులు త్రవ్వించి చెట్లు నాటించిన విషయమును చెప్పుచున్నది. ప్రస్తుతము ఢిల్లీలో నున్న తోప్రా స్తంభముపైని ఏడవ శాసనము ఇంకను వివరముగ మఱ్ఱిచెట్లను, మామిడితోపులను, బావులను, విశ్రాంతిగృహములను పేర్కొనుచున్నది. బావుల నడుమ దూరమును తెలుపు పదమును కొందరు పండితులు అరక్రోశమనియు, కొందరు ఎనిమిది క్రోశములనియు అర్థము చెప్పిరి. ఏది నిజమైనను, నీటికిని నీటికిని నడుమ దూరమును కొలిచి యుంచుట పాలకుని పనియని ఇరువది మూడు శతాబ్దముల క్రిందటనే రాతిపై చెక్కబడినది. మనుష్యులతోపాటు పశువులనుగూడ చెప్పుట గమనార్హము. పశువు అలసినచోటనే మనుష్యుని మజిలీ.

16వ శతాబ్దమున షేర్ షా (పాలన 1540–1545) ఉత్తరదేశపు రహదారులపై రెండేసి క్రోశములకు ఒక సరాయి చొప్పున కట్టించెననియు, అందు హిందువులకును, ముస్లిములకును వేరువేరుగ నీరు, భోజనము, శయనము ఏర్పరచెననియు ఆనాటి చరిత్రకారులు వ్రాసిరి. పిదప మొగలు పాదుషాలు క్రోశమునకొక స్తంభమును నిలిపిరి. 18వ శతాబ్దమున హోల్కరు రాజ్యమేలిన అహల్యాబాయి కాశిలో విశ్వనాథాలయమును పునర్నిర్మించుటయే గాక, దేశమునందలి పెక్కు క్షేత్రములలో ఘట్టములను, ధర్మశాలలను కట్టించెను. ఆలయము కట్టించినవారికి ఆలయమునకు వచ్చు దారి గుర్తుండుట అరుదు. ఆ తల్లికి గుర్తున్నది.

మన భాషయే ఈ చరిత్రను దాచుకొన్నది. సత్రము సంస్కృతపదము. దీర్ఘకాలము జరుగు యాగమునకు ఆ పేరు. యాగమందు అన్నము నిరంతరము పెట్టబడును గనుక అన్నము పెట్టు ఇంటికిని ఆ పేరే వచ్చెను. చావడి మన దేశ్యపదము. చెన్నపట్టణపు దొరలు దానిని వినియే చౌల్ట్రీ యనిరి. మజిలీ అరబ్బీ భాషలోని మంజిల్ నుండి పారసీ, ఉర్దూల మీదుగ మనకు వచ్చినది. ముసాఫిర్‌ఖానా యును అట్టిదే. ఇన్ని భాషలవారు ఒకే అవసరమునకు పేర్లు పెట్టిరి. మనవారు ఏ పేరును కాదనలేదు.

అడవిలో నీటి లెక్క: శ్రీశైలము

తెలుగునాట మజిలీల కష్టము తెలియవలెనన్న శ్రీశైలపు పాతదారిని చూడవలెను. కొండపైకి రోడ్డు పడకమునుపు ఆత్మకూరు వైపునుండి పోవువారు నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగ నల్లమలను దాటి శిఖరము చేరుచుండిరి. ఈ పేర్లను వినుడు. ఒకటి చెరువు, ఒకటి కొలను. దట్టమైన అడవిలో నీరున్నచోటనే మజిలీ. మజిలీ యున్నచోటనే దారి. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లు కట్టించి యాత్రికుల కష్టమును కొంత తగ్గించెను. ఉగాదికి కన్నడదేశమునుండి పాదచారులై వచ్చు మల్లన్నభక్తులు నేటికిని ఈ దారినే నడచుచున్నారు. వారు గుంపులుగ నడతురు, నీటివద్దనే ఆగుదురు. పూర్వపు యాత్రావిధానము గ్రంథములలోనే గాక కాళ్ళలోను జీవించియున్నదనుటకు ఇది సాక్ష్యము.

మన అనుష్ఠానమును ఈ లెక్కకు తోడ్పడినది. ప్రాతఃస్నానము, సంధ్య ముగించుకొని బయలుదేరుట. మధ్యాహ్నమునకు నీటివద్ద ఆగి మాధ్యాహ్నికము, వంట, భోజనము. సాయంసంధ్యకు ముందు రాత్రి విడిది చేరుట. సంధ్యకు జలము కావలెను. కనుక జలమున్నచోటనే ఆగవలెను. వెలుతురు పోకముందే అర్ఘ్యమీయవలెను. కనుక వెలుతురుండగనే ఆగవలెను. ప్రయాణములో ఆచారమునకు సడలింపు గలదని స్మృతికారులు దయతో చెప్పిరి. అయినను సంధ్యావేళ నీటిచెంత నుండవలెనను నియమమొక్కటి పాటించినవానికి మజిలీ తానై కుదురుచుండెను. వైదికకర్మకు అదృష్టఫలముతోపాటు దృష్టఫలమును గలదని ఇటువంటి చోట్ల తెలియును.

తంజావూరు సత్రములు

రామేశ్వరయాత్రకు పోవు దారిలో తంజావూరు మరాఠా ప్రభువులు కట్టించిన సత్రములు దక్షిణదేశముననే ప్రసిద్ధములు. రెండవ శరభోజి మహారాజు తనకు ప్రియమైన ముక్తాంబ పేర ఒరత్తనాడులో 1802 ప్రాంతమున ఒక మహాసత్రమును నిర్మించెను. అంతకు పూర్వము 1801లో ఆయన కుంఫిణీవారి ప్రతినిధికి ఒక లేఖ వ్రాసెను. రాజ్యాధికారము చేజారిపోయినను ఈ సత్రముల గ్రామములను మాత్రము తన చేతినుండి తీయవలదని ఆయన అభ్యర్థన. రాజ్యముకంటె సత్రమును దక్కించుకొనగోరిన రాజును చరిత్రలో మనము ఎందరిని చూడగలము?

ఆ లేఖలో సత్రముల నడవడి వివరింపబడినది. బ్రాహ్మణుడు మొదలు పంచముని వరకు దారిన పోవువారందరికిని అన్నము. వండినది తినని వారికి బియ్యము మొదలగు సామగ్రి. అర్ధరాత్రివరకు వడ్డన సాగి, పిదప గంట మ్రోగించి ఇంకను తినని వారున్నచో రమ్మని పిలుచుట. దారిలో జబ్బుపడినవారికి వైద్యము. ప్రసవవేదన వచ్చిన స్త్రీకి సంరక్షణ. తల్లిదండ్రులను పోగొట్టుకొనిన బిడ్డకు పోషణ, చదువు. దూరప్రయాణమున కుటుంబమునకు వచ్చు ఆపదలన్నియు ఇందు లెక్కింపబడినవి.

ఇచ్చట సత్యమును దాచరాదు. అన్ని సత్రములును ఇట్టివి కావు. దేశమున పెక్కు సత్రములలో లోపలి పంక్తి కొందరికే. మరికొందరికి బయటి అరుగు. ఇంకను కొందరికి ఆ అరుగును లేదు. దాతలు శాసనములలో తమ పుణ్యమును వ్రాయించిరి గాని, వాకిటనుండి మరలిపోయినవారి పేర్లను ఎవరును వ్రాయలేదు. భృగువల్లి వాక్యమందు వర్ణమును గూర్చిన షరతు లేదు. వసతి కోరినవాడెవడైనను అనియే యున్నది. శ్రుతి ఇంత స్పష్టముగ నున్నప్పుడు ఆచారము దానిని కుదించుట మన లోపమే గాని శాస్త్రలోపము కాదు. ఆలయసేవలో నున్నవారు ఈ మాటను ముందుగ తామే చెప్పవలెను.

వీరాస్వామయ్యగారి 473 దినములు

తెలుగువారి మజిలీ చరిత్రకు మూలగ్రంథము ఒకటి గలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుభాషిగ పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిరి. లెక్కించిన 473 దినములు. కుటుంబజనము, పరిచారకులు, పల్లకీ బోయీలు కలసి దాదాపు నూరుమంది. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్‌పూరు, ప్రయాగ మీదుగ కాశికి పోయి, గయను సేవించి, కలకత్తా చూచి, పూరీ మీదుగ తూర్పుతీరమువెంట దిగి వచ్చిరి.

దారిపొడవున తాము చూచినదానిని తమ మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపుచుండిరి. అదియే కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్యగారు 1836లో కీర్తిశేషులైన పిదప 1838లో అచ్చయినది. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి ప్రకటించి యీ కాలపువారికి అందించిరి.

ఈ గ్రంథమును భక్తికై తెరచినవారు మొదట నిరాశపడవచ్చును. ఏలయనగా పుటవెంట పుటగ ఊరిపేరు, ఊరికిని ఊరికిని దూరము, దారి మంచిదో చెడ్డదో, అంగళ్ళు గలవో లేవో, నీరు ఎట్టిది, దిగుటకు సత్రమో చావడియో గలదా, నది అడ్డమున్నచో దాటు వసతి యేమి అను విషయములే కనబడును. కాని నూరుమంది ఆకలిని, దప్పికను, నిద్రను తన బాధ్యతగ నెత్తికెత్తుకొనిన యజమాని మనస్సుతో చదివినచో ఆ పంక్తులే భక్తియని తెలియును. తాను దాటిపోయిన నీటిబావిని వెనుక వచ్చువాని కొరకు వ్రాసియుంచుటయు ఒక విధమగు జలదానమే. రాజు బావిని త్రవ్వించెను. వీరాస్వామయ్యగారు ఆ బావి జాడను కాగితముపై త్రవ్విరి.

ఆ కాలపు దారిని మనము తేలికగ తలపరాదు. ఎండలు ముదిరిన వేళ బయలుదేరిన వారికి దారిలోనే వానలు పట్టుకొనెను. నదులపై నేటివలె వంతెనలు లేవు. మధ్యదేశమున థగ్గులను పేర బాటసారులతో స్నేహము నటించి మజిలీలలోనే ప్రాణములు తీయు ముఠాలను గూర్చిన భయము దారులను కప్పియుండెను. జబ్బల్‌పూరు కేంద్రముగ స్లీమను దొర వారిని అణచుటకు పూనుకొనినది ఆ దశకముననే. అట్టి దారిలో ఎచ్చట ఆగవలెనను నిర్ణయము సుఖమునకు సంబంధించినది కాదు, ప్రాణమునకు సంబంధించినది. ఎడ్లబండ్లును, బోయీలును దినమునకు పది పన్నెండు మైళ్ళు నడచుట సామాన్యము. అంతకు మించి తోలినచో మరునాడు నడక సాగదు. కనుక అనుభవజ్ఞుడగు యజమాని తన తొందరను బట్టి గాక, మోయువాని భుజమును బట్టి మజిలీని నిర్ణయించెడివాడు.

గన్నవరపు అన్నపూర్ణ

రాజులు, శ్రీమంతులే గాక సామాన్యగృహిణియును భృగువల్లి వ్రతమును నిలుపగలదనుటకు కోనసీమ సాక్ష్యము. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) తమ ఇంటనే వేళాపాళా లేక అన్నము పెట్టిరి. గోదావరి పాయలను దాటి వచ్చు బాటసారులకు ఆ గ్రామము సహజమగు మజిలీ. పడవ ఏ వేళకు ఒడ్డు చేరునో తెలియదు. వరద వచ్చినచో ఎన్ని దినములు నిలిచిపోవలెనో తెలియదు. అట్టి చోట తలుపు తెరచి యుంచుటకు నిశ్చయము కావలెను. ఆ తల్లి కీర్తి ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి వరకు పోయి, 1903 నాటి పట్టాభిషేకోత్సవ సందర్భమున ఆమెకు గౌరవము దక్కెను.

జనశ్రుతిలో ఒక కథ గలదు. సీతమ్మగారు ఒకసారి అంతర్వేది నృసింహస్వామి దర్శనమునకై పల్లకీలో బయలుదేరి దారిలో ఆగిరట. ఆ చెంతనే పోవుచున్న ఒక బాటసారి కుటుంబములో పిల్లలు ఆకలికి ఏడ్వగా, పెద్దలు వారిని ఓదార్చుచు, ఇంక కొంచెము దూరము, సీతమ్మగారి ఇల్లు చేరినచో అన్నము పెట్టుదురని చెప్పిరట. ఆ మాట విని ఆమె పల్లకీని వెనుకకు మరలించి, వారికంటె ముందు ఇల్లు చేరి వంట సిద్ధము చేసిరట. దైవదర్శనము మానుకొనుట అపచారము కాదా యని అడుగువారుందురు. దైవమే దారిలో ఎదురుపడిన పిదప ఇంక దర్శనమునకు ఎచ్చటికి పోవలెను? ఆ పిల్లల తల్లిదండ్రులను గూర్చియు ఆలోచింపవలెను. ఆకలిగొన్న బిడ్డలకు చెప్పుటకు వారివద్ద ఒక మజిలీ పేరున్నది. ఆ పేరే వారిని నడిపించినది.

రైలు వచ్చిన పిదప

19వ శతాబ్దపు ఉత్తరార్ధమున రైలు వచ్చినది. 1860వ దశకమున గంగాతీరపు ఇనుపదారి కాశి సమీపమునకు చేరెను. 1867లో నాగపూరునకు రైలు వచ్చెను. 1874లో హైదరాబాదు వాడి జంక్షనుతో కలిసెను. నెలల ప్రయాణము దినములకు కుదించుకొనిపోయెను. ఇది యాత్రికునికి మహోపకారము. కాటికి పోయినవానితో సమానుడు కావలసిన పని తప్పెను. కాని బండి కదలుచుండగనే రాత్రి గడచుటచే మజిలీ అను భావనయే క్షీణించెను. దారిప్రక్క సత్రములు పాడుపడెను. క్రొత్త ధర్మశాలలు స్టేషనుల చెంతను, క్షేత్రములందును వెలసెను. కాశిలో మనవారి ఆంధ్రాశ్రమము వంటివి తెలుగు యాత్రికునకు గమ్యమున ఇల్లైనవి. నడుమనున్న దారి మాత్రము ఎవరికిని చెందనిదైపోయెను.

నేడు కారు మరల ఆ దారిని మన చేతికిచ్చినది. వారాణసినుండి రీవా, జబ్బల్‌పూరు, నాగపూరు, హైదరాబాదు, బెంగళూరు మీదుగ కన్యాకుమారికి పోవు పాత 7వ నెంబరు జాతీయరహదారి దేశమున అతి దీర్ఘమైనదిగ పేరొందెను. 2010 నాటి మార్పులలో నెంబర్లు మారినవి గాని దారి మారలేదు. హైదరాబాదునుండి ఉత్తరముగ పోవు తెలుగు కుటుంబము నేడు పట్టుచున్నది స్థూలముగ వీరాస్వామయ్యగారి దారియే.

నేటి యజమానికి

ఆలయమునకు వాహనపూజకు వచ్చి, కాశికి పోవుచున్నామని చెప్పు కుటుంబములను మేము తరచుగ చూచుచుందుము. బయలుదేరు ముహూర్తమును అందరును అడుగుదురు. రాత్రి ఎచ్చట ఆగుదురని మేమడిగినచో, పోయినంత దూరము పోవుదుమనియు, నిద్ర వచ్చినచో చూచుకొందుమనియు చెప్పువారే ఎక్కువ. ముందు సీటులో నలువది యేండ్ల కుమారుడొక్కడే చోదకుడు. వెనుక డెబ్బది దాటిన తల్లిదండ్రులు, ఒడిలో పిల్లలు. నిమ్మకాయలు చక్రముల క్రింద పెట్టుట మన ఆచారము. ఆ చక్రములను త్రిప్పువాని కన్నులకు నిద్రనిచ్చుట అంతకంటె పెద్ద ఆచారము. నడిరేయి దాటినది మొదలు తెల్లవారువరకు మనుష్యశరీరము నిద్రనే కోరును. ఆ వేళ రహదారిపై రెప్ప వాలినచో ఏ ముహూర్తబలమును అడ్డుపడదు. ప్రయత్నము మనుష్యునిది, రక్షణ దైవముది. మొదటిదానిని మనము విడిచి రెండవదానిని అడుగుట న్యాయము కాదు.

కనుక పూర్వుల మార్గమునుండి కొన్ని మాటలు మనవి చేయుదును. దూరమును బండి బలమును బట్టి కొలువరాదు, బండిలోని అతిబలహీనుని బట్టి కొలువవలెను. హైదరాబాదునుండి నాగపూరు సుమారు 500 కిలోమీటర్లు. అచ్చటినుండి జబ్బల్‌పూరు 270, జబ్బల్‌పూరునుండి ప్రయాగ 370, ప్రయాగనుండి కాశి 125 ఉండును. మూడు రాత్రులు మూడు పట్టణములలో నిదానముగ గడపినచో నాల్గవ దినము మధ్యాహ్నమునకు ముందే గంగాదర్శనమగును. వృద్ధులున్నచో మొదటి దినపు 500 కిలోమీటర్లను రెండుగ చీల్చి ఆదిలాబాదులో ఆగవచ్చును. జబ్బల్‌పూరునకు అపరాహ్ణమున చేరినచో నర్మదాస్నానము, సాయంసంధ్య, హారతి దర్శనము మజిలీయందే లభించును. అప్పుడు మజిలీ యాత్రకు అడ్డు గాక యాత్రలో భాగమగును.

విడిదిని అస్తమయమునకు ముందే చేరవలెను. నాగపూరు దాటిన పిదప పేంచ్ అడవి గలదు. అట్టి అరణ్యభాగములను పగటివేళనే దాటుట మేలు. గది చెప్పుకొనునప్పుడు ఇంటిలోని పెద్దలు మెట్లెక్కగలరా, నీరు సరిగ నున్నదా, రాత్రి తినుటకు పిల్లలకు ఏమి దొరకునని ముందుగ విచారింపవలెను. వీరాస్వామయ్యగారు ప్రతి ఊరివద్ద వేసికొనిన ప్రశ్నలే ఇవి. కాలము మారినను ప్రశ్నలు మారలేదు. అద్దెబండి యైనచో చోదకుని పడకను, భోజనమును మన పడకకంటె ముందు చూడవలెను. శృంగిబేరపురమున రాముడు గుఱ్ఱములను గూర్చి అడిగిన మాటను తలచుకొనినచో దీనికి వేరుగ ప్రమాణము అక్కరలేదు. మొత్తము మీద ఒక్క దినమునైనను ఖాళీగ నుంచుకొనవలెను. జ్వరము వచ్చినను, బండి చెడినను ఆ దినము మనలను కాచును. ఖాళీదినము లేని యాత్రలో ప్రతి ఆలస్యమును రాత్రిప్రయాణముగ మారును.

చివరగ ఒక్క మాట. మజిలీ మనకు ఇచ్చినదానిలో కొంత మజిలీకి తిరిగి ఈయవలెను. విడిది విడుచునప్పుడు దానిని పరిశుభ్రముగ విడుచుట, ఆ యూరి సత్రమునకో, ఆలయమున అన్నప్రసాదమునకో యథాశక్తి సమర్పించుట, మంచినీరు, మంచివసతి దొరకిన చోటును వెనుక బయలుదేరు బంధుమిత్రులకు వ్రాసి చెప్పుట. బావిని త్రవ్వించు శక్తి అందరికిని లేదు. బావి జాడ చెప్పు శక్తి అందరికిని గలదు.

దారిలో నున్న కుటుంబములన్నియు క్షేమముగ విడిది చేరుగాక, విశ్వేశ్వరదర్శనము చేసి సుఖముగ ఇల్లు చేరుగాక.

స్వస్తి. శుభం భూయాత్.